తాళాలాయన దాచుకున్న పేరు

మొదట్లో తాళాలాయన చేతిలో ఉన్న సరుకు ఇదీ: బజారు మలుపులో ఒక తాళాల దుకాణం, దాని వెనకే రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో మాటకు మాట అరువు పెట్టకుండా అక్కడికక్కడే తీర్చేసే భార్య, ఉయ్యాల్లో ఇంకా కళ్లు సరిగ్గా విప్పని ఆడపిల్ల, ఆ పిల్ల కోసం ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టిన ఒక పేరు.

మొదటి నాలుగూ ఎవరికైనా ఉండేవే. ఆ చివరిదే అసలు పెట్టుబడి.

ఆయనకూ ఒక పేరుంది. కాకపోతే అదే పేరు బజారులో మరో ముగ్గురికి ఉంది. గోడ అవతల పక్కింట్లో ఉంటూ గొడుగులమ్మే ఆయనదీ అదే, ఎదురు వరసలో సైకిళ్లు బాగుచేసే ఆయనదీ అదే, మూల మీద అద్దాలు కోసే ఆయనదీ అదే. వీధిలో ఎవరైనా ఆ పేరు పెట్టి కేకేస్తే నలుగురు పని ఆపి "ఆఁ" అంటారు. ఇంతమంది పని చెడగొట్టడం ఎందుకని జనం ఆ పేరు వాడటమే మానేశారు. తాళాలాయన, గొడుగులాయన, సైకిళ్లాయన, అద్దాలాయన. నలుగురూ పేరు అటకెక్కించి, అమ్మే సరుకు పేరు తగిలించుకుని బతికేస్తున్నారు.

ఈ బాధ ఆయనకు కొత్తది కాదు. బడిలో ఇంకొకడు చేసిన అల్లరికి ఈయన దెబ్బలు తిన్నాడు. ఈయన పరుగు పందెంలో గెలుచుకున్న పెన్ను ఇంకొకడు జేబులో పెట్టుకుపోయాడు. ఆఖరికి పెళ్లి సంబంధం కబురు తెచ్చిన పెద్దమనిషి కూడా ముందు గొడుగులాయన ఇంట్లోనే దూరాడు. గొడుగులాయన ఆయన్ని కూర్చోబెట్టి, వివరాలన్నీ విని, పిల్ల ఫోటో తిప్పి తిప్పి చూసి, ఆ తర్వాత తీరిగ్గా "ఇది పక్కింటికండీ" అన్నాడు. ఆ తిప్పి తిప్పి చూడటాన్ని తాళాలాయన ఇప్పటికీ క్షమించలేదు.

ఆ సంబంధం ఆయన ఒప్పుకోవడానికి సగం కారణం పిల్ల పేరు. అలాంటి పేరు ఆయన ఎప్పుడూ విని ఉండలేదు. ఇంకెవరి దగ్గరా లేని సరుకు! మరి పెళ్లయ్యాక ఆ పేరు పెట్టి ఒక్కసారైనా పిలిచాడా అంటే, పిలవలేదు. ఆయన "ఇదిగో" అంటాడు. ఆవిడ "ఏవండీ" అంటుంది. లోకంలో చాలా కాపురాలు ఈ రెండు మాటల మీదే నడిచిపోతున్నాయి.

అందుకే ఆయన తన కూతురి విషయంలో గట్టిగా అనుకున్నాడు. దీని పేరు పిలిస్తే వీధి మొత్తంలో ఇదొక్కతే తల తిప్పాలి.

"పేరేం పెడదామండీ?" అంది భార్య, బిడ్డకు పొడి బట్ట మారుస్తూ.

"ఉంది."

"ఏంటది?"

"చెప్పను."

"కన్నదాన్ని నేను. నాకే చెప్పరా?"

"నువ్వు కన్నావు, నేను దాచాను. ఎవరి పని వాళ్లు చేశాం."

"పోనీ చెవిలో చెప్పండి."

"గోడలకు చెవులుంటాయే."

"గోడలకున్న చెవుల్ని నమ్ముతారు, పెళ్లానికున్న చెవుల్ని నమ్మరు. బాగుందండీ!"

ఆయన లేచి కిటికీ మూశాడు. గొడుగులాయన గోడ వైపు ఒకసారి అనుమానంగా చూశాడు. ఆ తర్వాత వంగి చెవిలో చెప్పాడు.

"ఎలమి."

భార్య కాసేపు ఆలోచించింది. "దగ్గుమందా?"

"దగ్గుమందు కాదు! ఎలమి అంటే సంతోషం. పాత మాట. మా నాయనమ్మ అనేది. నేను బడి నుంచి వస్తే గుమ్మంలో నిలబడి 'మా ఇంటి ఎలమి వచ్చింది' అనేది. లోకమంతా కలిసి ఒకే పేరును నలుగురికి పంచిందిగానీ, ఆ ముసలిదొక్కతే నాకోసం విడిగా ఒకటి ఉంచింది. ఆవిడ పోయాక ఆ మాట నాకెక్కడా వినపడలేదు."

భార్య ఇక దగ్గుమందు ఊసెత్తలేదు. బిడ్డ వైపు వంగి "ఎలమీ" అంది. బిడ్డ ఆవలించింది.

"చూశావా, పలికింది!" అన్నాడు తాళాలాయన.

"నిద్రొస్తోందండీ దానికి. ఎంత మంచి పేరైనా దీనికి ఒక్కదానికే ఉండాలంటారా?"

"ఒక తాళానికి ఒకటే చెవి ఉండాలి. రెండోది ఎవరి చేతిలోనైనా ఉంటే ఇక అది తాళమెలా అవుతుంది?"

పేరు పెట్టిన రోజు చుట్టాలంతా ఆ మాటను నోట్లో వేసుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. ఒక పెద్దత్తయ్య మాత్రం సూటిగా అడిగింది: "నాయనా, ఇది పిలవడానికి పళ్లుండాలా, లేకపోయినా ఫర్వాలేదా?" ఫర్వాలేదని తేలాక ఆవిడే మొదట పిలిచింది.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ వ్యాపారి చేతిలో మంచి సరుకు పడటం ఎంత కష్టమో, పడ్డాక బయట పెట్టకుండా ఉండటం అంతకంటే కష్టం. తాళాలాయన బోర్డు రాసేవాణ్ని పిలిపించి, దుకాణం మీద పాత బోర్డు దింపించి, నీలం మీద పసుపు అక్షరాలతో కొత్తది ఎక్కించాడు: 'ఎలమి తాళాల దుకాణం'.

భార్య చంటిదాన్ని భుజానేసుకుని బయటికొచ్చి బోర్డు చూసింది. "నాకు చెప్పడానికి కిటికీ మూశారు. ఇప్పుడు బజారంతా కనపడేలా ఎక్కించారా?"

"నీకు వ్యాపారం తెలియదు. తలుపుకు తాళం కనిపిస్తేనే దొంగ పక్కకు పోతాడు. ఈ పేరు మాది అని అందరికీ తెలిస్తే ఎవరూ ముట్టుకోరు."

"తలుపుకు తాళం కనిపిస్తేనేగా, లోపల ఏదో ఉందని దొంగకు తెలిసేది!"

తాళాలాయన దీనికి జవాబు ఆలోచిస్తూ లోపలికి వెళ్లాడు. జవాబు ఇంకా దొరకకముందే తొలి దొంగతనం జరిగిపోయింది.

ఎదురుగా బట్టలు కుట్టే దర్జీకి ఆడపిల్ల పుట్టింది. దర్జీ, తాళాలాయన మంచి స్నేహితులు. దర్జీకి ఏ ఉత్తరం వచ్చినా తాళాలాయనే చదివి వినిపిస్తాడు. తాళాలాయన చొక్కాకు ఏ గుండీ ఊడినా దర్జీయే కుట్టి పెడతాడు. అలాంటి దర్జీ మిషను తొక్కుతూ తొక్కుతూ చల్లగా చెప్పాడు.

"పాపకు పేరు పెట్టేశాం అన్నా. ఎలమి."

తాళాలాయన మిషను చక్రాన్ని చేత్తో పట్టి ఆపాడు. "అది... అది మా అమ్మాయి పేరయ్యా!"

"అవునన్నా. మీ బోర్డు మీద చదివాను. నచ్చింది."

"నచ్చితే పెట్టేసుకోవడమేనా? నీ మిషను నాకు నచ్చింది, ఎత్తుకుపోనా?"

"మిషను తీసుకుపోతే నాకుండదన్నా. పేరు తీసుకున్నా మీది మీకుందిగా!"

వాదనలో ఓడితే వ్యాపారి బేరంలోకి దిగుతాడు. తాళాలాయన దుకాణంలోకి వెళ్లి, పైవరసలోని పెద్ద ఇత్తడి తాళం కప్ప ఒకటి తెచ్చి దర్జీ బల్ల మీద పెట్టాడు. "ఇది నీకు ఊరికే ఇస్తున్నా. పాప పేరు మార్చెయ్."

దర్జీ తాళాన్ని చేత్తో తూచి చూశాడు. "మా ఆవిడతో మాట్లాడతానన్నా," అన్నాడు. మాట్లాడాడో లేదో తెలియదు. పేరు మాత్రం మారలేదు. తాళం దర్జీ ఇంటి తలుపుకు తళతళలాడుతూ వేలాడింది.

ఆ వారంలోనే రొట్టెల దుకాణం యజమాని, నెలలు నిండిన భార్యను వెంటపెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మర్యాదగా నిలబడ్డారు.

"ఏం తాళం కావాలి?" అన్నాడు తాళాలాయన.

"తాళానికని కాదండీ. ఆడపిల్ల పుడితే ఎలమి అని పెడదామనుకుంటున్నాం. మీకు ముందే ఒక మాట చెబుదామని." రొట్టెలాయన పైవరస వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "మీరు వద్దంటే... ఆ ఇత్తడిది ఉంది చూశారూ..."

తాళాలాయన ఇచ్చాడు. వాళ్లు పుచ్చుకున్నారు. ఆడపిల్లే పుట్టింది. ఎలమి అనే పెట్టారు. అదేమిటని అడిగితే రొట్టెలాయన నొచ్చుకున్నాడు. "మేం వేరే పేరే అనుకున్నామండీ. మా అత్తగారు వినలేదు. తాళం వెనక్కి ఇచ్చేద్దామంటే చెవి ఆవిడ దగ్గరే ఉంది."

ఆ తర్వాత పైవరస ఖాళీ కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఎలమి అని పెట్టబోతున్నామంటే తాళాలాయన తాళం ఇస్తాడట అన్న మాట బజారు దాటింది. కొన్నాళ్లకు అందులో 'పెట్టబోతున్నామంటే' రాలిపోయి, 'పెడితే' మిగిలింది. ఒకాయనైతే మగపిల్లాణ్ని ఎత్తుకుని వచ్చి, వీడికి పెడితే చిన్నదైనా ఇస్తారా అని అడిగాడు.

"ఇంకా ఎన్ని తాళాలు పంచుతారండీ?" అంది భార్య, వంటింట్లోంచే.

"పంచను. ఇప్పుడు వేరే ఎత్తు వేస్తున్నా. సరుకు మీద గిరాకీ తగ్గించాలంటే సరుకు మంచిది కాదని చెప్పాలి."

"ఎవరికి చెబుతారు?"

"నర్సమ్మకు."

భార్య తల బయటపెట్టి చూసింది. ఏదో అనబోయి, పెదవి బిగించి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ ఊరుకుందంటే అది ఒప్పుకోవడం కాదని ఆయన అప్పటికైనా తెలుసుకుని ఉండాల్సింది.

ఊళ్లో పుట్టే ప్రతి బిడ్డనూ మొదట ఎత్తుకునేది ఆసుపత్రి నర్సమ్మే. ఆవిడ మందుల బీరువా తాళంచెవి పోయి దుకాణానికి వచ్చినప్పుడు తాళాలాయన బాగా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు. "నర్సమ్మా, నీకొక్కదానికే చెబుతున్నా. ఆ పేరు పెట్టినప్పటి నుంచి మా పిల్ల ఒకటే ఏడుపు. గొంతు వింటే ఇంటి పెంకులు లేచిపోతున్నాయి. పట్టిన పట్టు వదలదు. ఆ పేరులోనే ఏదో ఉంది."

నర్సమ్మ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. చెవి చేయించుకుని వెళ్లింది. విన్నది విన్నట్టే చెప్పింది కూడా. కాకపోతే కాన్పు గదిలో బెంగగా ఉన్న తల్లులకు చెప్పాలి కాబట్టి కాస్త తీపి కలిపి చెప్పింది. 'ఎలమి అని పెడితే పిల్లకు గొంతు గట్టిగా ఉంటుందట. ఊపిరి బలమట. పట్టుదల కూడానట. తాళాలాయన స్వయంగా చెప్పాడు.'

ఆ యేడు పుట్టిన ఆడపిల్లల్లో ఎలమి కానిది ఎవరో వెతుక్కోవాల్సి వచ్చింది.

తాళాలాయన ఇక చేతులెత్తేశాడు. కాలం గడిచింది. పిల్ల నడిచింది, మాట్లాడింది, దుకాణంలో తాళాలన్నీ కలిపేసి చెవులన్నీ వేరే డబ్బాలో పోసింది, బడి ఈడుకొచ్చింది. బడిలో వేసిన మొదటి వారం చివర సాయంత్రం ఆయన దుకాణానికి తాళం వేసి, తల దువ్వుకుని, కూతుర్ని తీసుకురావడానికి వెళ్లాడు.

గేటు దగ్గర టీచరమ్మ ఎదురైంది. "ఎవరి కోసమండీ?"

"ఎలమి కోసం," అన్నాడు గర్వంగా. ఎన్ని జరిగినా ఆ మాట అనేటప్పుడు ఆయన ఛాతీ దానంతటదే ముందుకొస్తుంది.

"ఏ ఎలమి అండీ?"

ఛాతీ వెనక్కెళ్లింది.

"మా తరగతిలోనే ఆరుగురున్నారు," అంది టీచరమ్మ, పాపం, మంచి మనసుతోనే. "గందరగోళం లేకుండా మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. దర్జీ ఎలమి, రొట్టెల ఎలమి, పోస్టు ఎలమి... మీరు తాళాలాయన కదూ? తాళాల ఎలమీ! మీ నాన్నగారొచ్చారు!"

తాళాలాయన దారి పొడవునా నేల చూస్తూ నడిచాడు. కూతురు మాత్రం ఆయన వేలు పట్టుకుని గెంతుతూ పాట పాడుకుంటూ వచ్చింది. గొంతు గట్టిదే. నర్సమ్మ అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయిందే. నా రాతే దానికీ రాశాను. తాళాల ఎలమి అట! పేరు పోయి మళ్లీ సరుకే మిగిలింది."

భార్య మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "పేరు మార్చేద్దాం. ఇంకో పేరు ఆలోచించి ఉంచాను. ఈసారి బోర్డు రాయించను."

"చెప్పండి, చెప్పండి. పక్క సందులో ఇద్దరు కడుపుతో ఉన్నారు."

తాళాలాయన మొదట ఈ మాటను విన్నాడు. ఆ తర్వాత దాని అర్థం విన్నాడు. మెల్లగా తల పైకెత్తాడు.

"అంటే?"

"అంటే ఏముంది? అందరికీ చెప్పింది నేనే."

"నువ్వా! దర్జీ నా బోర్డు మీద చదివానన్నాడే!"

"దర్జీకి చదువొస్తే ఇన్నేళ్లూ ఆయన ఉత్తరాలు మీరెందుకు చదివి పెడుతున్నారండీ?"

తాళాలాయన ఇన్నేళ్లలో చదివి పెట్టిన ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"వాళ్లావిడ వచ్చి, పాపకు ఏదైనా మంచి పేరు చెప్పమని అడిగింది, చెప్పాను. మీరు పోట్లాటకొస్తే బోర్డు మీద చదివాననమని కూడా నేనే చెప్పి పంపాను. రొట్టెలావిడకూ నేనే చెప్పాను. పోస్టాయన భార్యకూ నేనే."

"మరి తాళాలు?"

"అది మీ తెలివే. నేను పేరిచ్చాను, మీరు దానికి కొసరిచ్చారు."

"ఎందుకు చేశావే ఇంత పని?" ఆయన గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది. "నేను దానికోసం విడిగా ఉంచింది ఆ ఒక్కటే కదా."

భార్య ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. "నా పేరు మీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? ఆ పేరు చూసేగా నిన్ను..."

"మీకు నచ్చింది. సంతోషం. చిన్నప్పుడు మా టీచరు హాజరు పిలుస్తూ నా పేరు దాకా వచ్చేసరికి ఆగేది. కళ్లద్దాలు సర్దుకునేది. ఆవిడ ఆగగానే పిల్లలంతా నవ్వడానికి తయారయ్యేవాళ్లు. ఆ ఆగడం ఉంది చూశారూ, కొన్నాళ్లు నా పేరే అదనుకున్నాను. ఎవరూ సరిగ్గా పలకలేదు, ఎవరూ మళ్లీ అడగలేదు. ఆఖరికి 'అమ్మాయ్' అన్నారు, 'ఇదిగో' అన్నారు." ఆవిడ కొంగు అంచు మడతపెట్టింది. "మీకు జనం ఎక్కువై ఊపిరాడలేదు. నాకు జనం లేక చలేసిందండీ. మీ నాయనమ్మ మాట మంచిది. మంచి మాట ఒక్క నోట్లో ఉంటే ఆ మనిషితోనే పోతుంది. మీరే అన్నారుగా, ఆవిడ పోయాక ఎక్కడా వినపడలేదని. ఇప్పుడు వినపడుతోందా లేదా?"

సరిగ్గా అప్పుడే ఎదురింటి గుమ్మంలోంచి దర్జీ భార్య "ఎలమీ, కాళ్లు కడుక్కో!" అని అరిచింది. కాస్త దూరంలో రొట్టెలాయన అత్తగారు "ఎలమీ, ఎక్కడ చచ్చావే!" అని అందుకుంది.

తాళాలాయన నాయనమ్మ కూడా సరిగ్గా అలాగే, గుమ్మంలో నిలబడే పిలిచేది. ఆయన గ్లాసులోని మిగతా నీళ్లు తాగేశాడు.

కూతురు పలక పట్టుకుని వచ్చింది. ఆయన ఆఖరి ప్రయత్నంగా దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. "అమ్మలూ, నీకు కొత్త పేరు పెట్టనా? ఎవరికీ ఉండదు. నీకొక్కదానికే."

"వద్దు నాన్నా!" పిల్ల గాభరాపడిపోయింది. "అప్పుడు నన్ను మా జట్టులోంచి తీసేస్తారు. ఎలమిల జట్టు మాది. ఎవరు అల్లరి చేశారని టీచరు అడిగితే ఎలమి అంటారు. మేం ఆరుగురం లేచి నిలబడతాం. టీచరు తల పట్టుకుని, కూర్చోండే అంటుంది. ఎవరికీ దెబ్బలు పడవు!"

ఇంకొకడికి పడాల్సిన దెబ్బలు తిన్న ఆ పాత కుర్రాడు తాళాలాయన లోపల ఎక్కడో కూర్చుని ఇది విన్నాడు. నలుగురు ఒకే పేరువాళ్లు ఒకేసారి లేచి నిలబడవచ్చన్న ఆలోచన వాడికి ఎప్పుడూ రాలేదు. వ్యాపారం పిల్లదాని దగ్గర నేర్చుకోవాలని తాళాలాయనకు అనిపించింది.

పిల్ల వీధిలోకి తుర్రుమంది. గదిలో చీకటి పడుతోంది. భార్య లేచి పీట గోడకు ఆనించింది. తాళాలాయన గొంతు సవరించుకుని ఆమెను పేరు పెట్టి పిలిచాడు. పూర్తి పేరు. ఒక్క అక్షరం తడబడలేదు. మధ్యలో ఆగలేదు.

ఆవిడ గోడ వైపు తిరిగి, ఆనించిన పీటనే మళ్లీ సర్దింది. ఆ తర్వాత, వెనక్కి చూడకుండానే, ఆవిడ కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. పెళ్లయ్యాక మొదటిసారి. "ఆ లైటు వెయ్యండి," అంది.

"ఆఁ! పిలిచావా చెల్లెమ్మా?" అంటూ గోడ అవతలి నుంచి గొడుగులాయన పలికాడు.

"మిమ్మల్ని కాదన్నయ్యా!" అని ఆవిడ గోడ వైపు గట్టిగా కేకేసింది. "మా ఆయన్ని!"

తాళాలాయన లైటు వేసి, కుర్చీలో కూర్చుని, ఇన్నేళ్ల వ్యాపారం లెక్క చూసుకున్నాడు. పైవరస తాళాలన్నీ పోయాయి. గుట్టుగా దాచిన పేరు ఊరిపాలైంది. వేసిన ప్రతి ఎత్తూ తన మీదకే తిరిగొచ్చింది. చేతికి వచ్చింది మాత్రం తన పాత పేరు ఒక్కటే, నలుగురు వాడి అరగదీసిందే. అయితే ఈసారి అది 'మా ఆయన్ని' అన్న కొసరుతో వచ్చింది. ఆ కొసరు గొడుగులాయనకు లేదు.